మూత ఎవరు తీస్తే సరుకు వాళ్లదే

పోయిన వారం పేజీలక్కని అన్న కొట్టు మెట్ల కింద, మిట్టమధ్యాహ్నం ఎండలో వదిలేసి వచ్చాం. కంప్యూటర్ విడిభాగాలమ్మే ఆ వీధిలో ఉన్న కొట్లన్నీ ఆమె మొహం మీదే లేదు పొమ్మన్నాయి. మిగిలింది ఇదొక్కటే, తోడబుట్టినవాడి కొట్టు. అందరికంటే ముందు ఎక్కాల్సిన మెట్లు అందరికంటే ఆఖర్న ఎక్కాల్సి వచ్చింది. దానికే ఆమెకి కాళ్లాడటం లేదు.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్లకి సంగతి ఇది. పేజీలక్క అచ్చాఫీసులో పేజీలు కట్టే మనిషి. పుస్తకమైనా, గోడకంటించే కాగితమైనా కంప్యూటర్ మీద ఆమె చేతిలో కుదిరాకే మిషనెక్కేది. జీతాలు పెంచమని అందరూ ఒక్కటై అడిగిన వారంలోనే ఆమె కంప్యూటర్‌లోని మదర్‌బోర్డు మాయమైంది. మదర్‌బోర్డంటే డబ్బాలో పరుచుకుని ఉండే పెద్ద పలక. మిగతా భాగాలన్నీ దానిమీదే కూర్చోవాలి, దాని గుండానే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. అది లేకపోతే డబ్బా వట్టి డబ్బాయే. "ఆ కుర్చీలో కూర్చునేది ఆవిడే, పెరుక్కుపోయిందీ ఆవిడే" అన్నాడు యజమాని. "దొంగలున్న చోట అచ్చాఫీసు నడపను" అని తాళం బిగించాడు. జీతం అడిగితే తాళం వేశాడంటే చట్టం ఊరుకోదు. దొంగతనం జరిగితే వేశాడంటే చట్టం తల ఊపుతుంది. అంత తెలివి. రేపు కార్మిక అధికారి ముందు విచారణ. దొంగతనం నిలబడితే తాళం నిలబడుతుంది, పనివాళ్లు రోడ్డునే ఉంటారు.

ఈలోగా పొయ్యిలు వెలగాలిగా! సొంతంగా ఒక కంప్యూటర్ కట్టుకుని బయటి పనులు తెచ్చుకుందామనుకున్నారు. బైండరు అటక మీదున్న క్యాబినెట్, అంటే కంప్యూటర్ ఖాళీ డబ్బా, దింపిచ్చాడు. మిషన్‌మేన్ పాత కంప్యూటర్ తెర తెచ్చిచ్చాడు. కాగితాలు కోసే కటింగ్ మాస్టర్ బావమరిది వాడటం మానేసిన ప్రింటరొకటి వచ్చింది. తలా కొంత వేసుకుని కంప్యూటర్‌కి బుర్రలాంటి ప్రాసెసర్ కొన్నారు. బోల్తాపడింది అక్కడే. బోర్డు చూసుకుని ప్రాసెసర్ కొనాలి గానీ ప్రాసెసర్ చేతిలో పెట్టుకుని బోర్డు వెతుక్కోకూడదని ఎవరికీ తట్టలేదు. చవగ్గా దొరికిందని కొన్నది పాత తరం సరుకు. దానికి సరిపడే బోర్డులు తయారవడం ఎప్పుడో ఆగిపోయింది.

"ఎక్కమ్మాయ్. మెట్లకి టికెట్ లేదులే" అన్నాడు వెనకనుంచి ప్రూఫు బాబాయి.

అచ్చాఫీసులో తప్పులు దిద్దే పెద్దాయన. జీవితమంతా పక్కవాళ్ల తప్పులు దిద్దీ దిద్దీ, ఇప్పుడు మనిషి నోట మాట బయటికి రాకముందే దిద్దడానికి సిద్ధంగా ఉంటాడు. ఆయన కళ్లద్దాలు చొక్కా జేబుకి వేలాడుతున్నాయి. కళ్లద్దాల డబ్బాలో ప్రాసెసర్ పడుకుని ఉంది.

పేజీలక్క ఎక్కింది.

కొట్టు కొట్టులాగే ఉంది. మేకులకి వేలాడుతున్న తీగలు, గాజు బల్ల కింద దుమ్ముపట్టిన ఫ్యాన్లు, మూల విప్పిపడేసిన కంప్యూటర్ల ఎముకలగూళ్లు. గోడమీద ఎర్ర రంగుతో అన్న రాయించిన హెచ్చరిక ఒకటి. ఆ వీధిలో దాని పేరే మూత చట్టం. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గుంటని సాకెట్ అంటారు. ఆ గుంటలో వెంట్రుకల్లాంటి పిన్నులుంటాయి. చిటికెన వేలి గోరు తగిలినా వంగిపోతాయి. వాటిని కాపాడ్డానికి పైన ప్లాస్టిక్ మూత. మూత తీశాక పిన్ను ఎవరు వంచారో దేవుడికి కూడా తెలియదు. అందుకని వీధి మొత్తానికీ ఒకటే మాట: మూత ఎవరు తీస్తే సరుకు వాళ్లదే.

అన్న తలెత్తలేదు. ఏదో చిన్న ఫ్యాన్ విప్పుతున్నాడు.

"కొట్టు మూసేస్తున్నా."

"పట్టపగలా?"

"నువ్వొస్తే ఎప్పుడైనా మూస్తా."

"మూసెయ్. నాకు బోర్డిచ్చి మూసెయ్."

అప్పుడు తలెత్తాడు. ఆమెని చూడలేదు, ఆమె భుజం మీదుగా వీధిని చూశాడు. "ఎవరైనా చూశారా నువ్వు రావడం?"

"వీధంతా చూసింది. నేను గేటు దూకి వచ్చే మనిషిని కాదు."

"నీ వల్ల అచ్చాఫీసు పని పోతుంది నాకు. ఆ కంప్యూటర్లన్నీ బాగుచేసేది నేనే. ఆలోచించావా ఎప్పుడైనా? జెండా పట్టుకుని ముందు నిలబడ్డమే గానీ, వెనకున్నవాళ్ల సంగతి పట్టిందా నీకు?"

"నువ్వెప్పుడున్నావు నా వెనక?"

ప్రూఫు బాబాయి దగ్గాడు. కళ్లద్దాల డబ్బా తీసి బల్ల మీద పెట్టి, పాప నిద్రలేస్తుందేమో అన్నట్టు మెల్లగా తెరిచాడు. "అన్నాచెల్లెళ్ల ముచ్చట్లు తర్వాత. ఇదిగో, అల్లుడుగారు ఇందులో ఉన్నారు. తగిన సంబంధం చూపించు నాయనా."

అన్న వంగి చూసి ఫక్కున నవ్వాడు. నవ్వులో ప్రేమేమీ లేదు. "ఈ ముసలాణ్ణా? ఎక్కడ దొరికాడు, చెత్తకుప్పలోనా?" వెనక అరలోంచి తళతళలాడే డబ్బా ఒకటి లాగి బల్ల మీద పడేశాడు. "ఇది తీసుకోండి. కొత్తది. కరెంటివ్వగానే చుట్టూ రంగురంగుల లైట్లు వెలుగుతాయి. ఆ ముసలాణ్ణి పారేసి దీనికి తగ్గ ప్రాసెసర్ కొనండి."

"నేను పేజీలు కట్టాలన్నయ్యా, సర్కస్ నడపడం లేదు."

"మరేం కావాలి తల్లీ నీకు?"

పేజీలక్క చెప్పింది. నేర్చుకున్న పాఠం ఒప్పజెప్పినట్టు కాదు, తగువు పెట్టుకున్నట్టు చెప్పింది. ఈ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ కావాలి. మెమరీ ముక్కలు దూర్చడానికి నాలుగు గాళ్లు కావాలి, రెండే ఉంటే పెద్ద పోస్టరు తెరిచేసరికి కంప్యూటర్ నోరు తెరుస్తుంది. తెరకి తీగ బోర్డులోంచే రావాలి, దానికి వేరే కార్డు కొనే స్తోమత లేదు. వెనకవైపు పాత రకం వెడల్పాటి ప్రింటర్ గూడు ఉండాలి, వచ్చిన ప్రింటర్ తీగ దాన్లో తప్ప ఎక్కడా పట్టదు.

"ఎవరు చెప్పారివన్నీ?"

"చదివాను."

"చదివి కంప్యూటర్ కట్టేస్తావా? ఈత పుస్తకం చదివి ఏట్లోకి దూకినట్టుంది. సరే, నీ క్యాబినెట్ ఎంత? పెద్ద బోర్డు పడుతుందా, చిన్నది పెట్టుకోవాలా? కొలిచావా?"

"కొలిచాం" అన్నాడు బాబాయి గర్వంగా. "నిలువు డెబ్బై రెండు, అడ్డం యాభై ఎనిమిది."

"డెబ్బై రెండేంటి?"

"పైకాలు."

అన్న కాసేపు అర్థంకాక చూశాడు. అచ్చాఫీసులో తప్ప లోకంలో ఇంకెక్కడా ఎవరూ వాడని కొలత అది. అచ్చుబద్దతో క్యాబినెట్ కొలిచి వచ్చారు ఇద్దరూ. అదేమీ వింతగా తోచలేదు వాళ్లకి. అన్న బల్ల చరిచి చరిచి నవ్వాడు. "అయ్యో దేవుడా! పైకాల్లో కంప్యూటర్ కొలిచారు! పేరాల్లో తూచలేదు ఇంకా నయం!"

పేజీలక్క చెవులు ఎర్రబడ్డాయి. అయినా నోరు తగ్గలేదు. "ఆరు పైకాలు అంగుళం. లెక్క నువ్వు కట్టుకో. చదువుకున్నావుగా ఆమాత్రం."

నవ్వు ఆగిపోయింది. అన్న లెక్క కట్టుకున్నాడు. పెద్ద బోర్డు సరిగ్గా పడుతుంది. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ఆమెని పైనుంచి కింది దాకా చూశాడు. "ఉండు. లోపలేదో పాత స్టాకుండాలి" అని గుమ్మానికి వేలాడే గుడ్డ తెర జరుపుకుని వెనకగదిలోకి పోయాడు.

డబ్బాలు జరిపిన చప్పుడు వినపడింది. ఆ వెంటనే అన్న గొంతు, అణిచిపెట్టి, ఫోనులో: "ఆ... వచ్చింది... ఉంది... సరే."

"ఎవరితో మాట్లాడుతున్నాడు?" అన్నాడు బాబాయి.

"సరుకు వాళ్లతోనేమో" అంది పేజీలక్క. అనుమానం రాలేదామెకి. బోర్డు దొరుకుతుందన్న ఆశ అనుమానాన్ని పక్కకి నెట్టేసింది.

అన్న అట్టడబ్బాతో వచ్చాడు. పైన బిగుతుగా పల్చటి ప్లాస్టిక్ చుట్టి ఉంది. మూలలు అరిగిన డబ్బాకి కొత్త చొక్కా తొడిగినట్టు. దాన్ని ఆమె ముందుకి నెట్టి, "నీ అదృష్టం. నువ్వడిగినవన్నీ ఉన్నాయి. సీలు కూడా తీయలేదు. తీసుకుపో" అన్నాడు.

"ఎంత?"

"డబ్బొద్దు."

పేజీలక్క నమ్మలేకపోయింది. "ఏంటీ?"

"చెల్లెలి దగ్గర డబ్బు తీసుకుంటానా? సంచీలో పెట్టుకో. త్వరగా బయల్దేరు. ఎవరైనా చూస్తే నాకు మాటొస్తుంది."

చెప్పకపోతే అబద్ధమవుతుంది: ఆ క్షణంలో ఆమె గుండె కరిగింది. ఇన్నాళ్ల కోపం, ఇన్నాళ్ల పలకరింపుల్లేని ఇల్లు, అన్నీ కళ్లలోకి నీళ్లయి వచ్చాయి. ఎంతైనా అన్న కదా అనుకుంది. చేయి డబ్బా మీదికి వెళ్లింది.

బాబాయి అప్పటికే కళ్లద్దాలు పెట్టేసుకుని డబ్బా మీది అక్షరాలు పైకి చదువుతున్నాడు. ప్రూఫు చదివేవాళ్ల అలవాటది. ఎదుటివాడు అసలు ప్రతి పట్టుకుని వింటుంటాడు కాబట్టి కామాలూ చుక్కలతో సహా పైకి చదవాలి. "మెమరీ గాళ్లు రెండు, కామా, ప్రింటర్ గూడు లేదు, ఫుల్‌స్టాప్..." ఆగి తలెత్తాడు. "అమ్మాయ్, డబ్బా ఒకటి, సరుకొకటి. అచ్చుతప్పు."

"డబ్బాలు మారిపోతుంటాయి! లోపలుంది మీకు కావాల్సిందే!" అన్న గొంతు ఉన్నట్టుండి పెరిగింది. "ఇంటికెళ్లి చూసుకోండి!"

పేజీలక్క చేయి వెనక్కి తీసుకుంది. "ఇక్కడే చూస్తా."

"ఇంట్లో చూసుకోమంటున్నానా!"

"ఒక్కసారి కళ్లారా చూడకుండా నేనే పేజీనీ మిషనెక్కనివ్వలేదు. విప్పు."

"విప్పితే నీదే. గోడ మీద కనబడటం లేదా?"

"కనబడుతోంది. అందుకే నువ్వు విప్పు. పిన్నులు బాగుంటే తీసుకుంటా. వంగి ఉంటే వంచింది నేనని రేపు ఇంకో దొంగతనం అంటగట్టకు."

అన్న మొహంలో ఏదో కదిలింది. గడియారం చూశాడు. వీధి చూశాడు. బాబాయి చేతులు కట్టుకుని, "ఏం నాయనా, నీ కొట్టు సరుకు మీద నీకే నమ్మకం లేదా? ఇక మాకెలా వస్తుంది?" అన్నాడు.

"నోర్ముయ్ ముసలోడా!" అని అరిచి, ఆ కోపంలోనే ప్లాస్టిక్ చించేశాడు అన్న. బోర్డు బయటికి లాగి బల్ల మీద పెట్టి, బొటనవేలితో మూత టక్కున ఎగరగొట్టి గుప్పిట్లో పట్టుకున్నాడు. "చూడు! కళ్లు పెద్దవి చేసుకుని చూడు! ఒక్క పిన్నైనా వంగిందా?"

పేజీలక్క వంగింది. పిన్నులు చక్కగా ఉన్నాయి. గడ్డి దువ్వినట్టు ఒకే వైపు వాలి, మెరుస్తూ. కానీ సాకెట్ చుట్టూ ఉన్న ఇనప చట్రం మూలలో బూడిదరంగు ముద్ద ఎండి అంటుకుని ఉంది.

"ఇదేంటి?"

"ఏది?"

"ప్రాసెసర్ వేడెక్కకుండా పైన పూసే పేస్టు. కొత్త బోర్డుకి పేస్టెక్కడిది?"

"ఫ్యాక్టరీలో పరీక్ష చేస్తారు."

"ఎండిపోయేదాకానా?"

ఆమె కళ్లు సాకెట్ దాటి మెమరీ గాళ్ల మీదికి వెళ్లాయి. నాలుగు గాళ్లు, ఒక్కోదానికి అటూ ఇటూ తెల్ల కొక్కెం. చివరి గాడికి ఒకవైపు కొక్కెం విరిగి ఉంది. విరిగిన చోట, దుమ్ము దులిపేవాడి చూపు పోని సందులో, సన్నటి దారప్పోగు ఇరుక్కుని ఉంది. గోరుతో లాగింది. వేళ్ల మధ్య పెట్టి నలిపింది. జిడ్డుగా, మెత్తగా.

మైనం దారం. పుస్తకాలు కుట్టే బైండరు దారం.

అచ్చాఫీసులో ఆమె కంప్యూటర్‌కి ఆ చివరి గాడి కొక్కెం విరిగిపోయింది. మెమరీ ముక్క ఊగిపోయి పని మధ్యలో తెర నల్లబడేది. కొత్త బోర్డు కొనమంటే యజమాని వినలేదు. బైండరు దగ్గర మైనం దారం అడుక్కొచ్చి తనే కట్టింది. ఆ ముడి బిగించుకుంటూ ఎన్ని పుస్తకాలు బయటికి పంపిందో!

ఆ పోగుని బల్ల మీద పెట్టి చేయి చాచింది. "బాబాయ్, మీ పెన్సిల్ ఇవ్వండి."

"ఏం చేస్తున్నావ్? ముట్టుకోకు!" అన్న చేయి అడ్డం వచ్చింది. ఆమె ఆ చేతిని పక్కకి కొట్టింది. పెన్సిల్ మొనతో బోర్డు మీదున్న గుండ్రటి చిన్న బ్యాటరీని పైకి లేపింది. బిళ్లలాంటి ఆ బ్యాటరీ గాజు మీద పడి, దొర్లి, వెల్లకిలా ఆగింది.

అడుగువైపు తెల్లటి లోహం మీద ముదురు గులాబీ రంగులో వేలిముద్ర. అచ్చు మిషన్ సిరా. ఎండిపోయి, ఒక్కో గీతా స్పష్టంగా. ముద్ర మధ్యలో అడ్డంగా ఖాళీ చార.

పేజీలక్క కుడిచేతి బొటనవేలు దాని పక్కన పెట్టింది. ఆ వేలి మీద అడ్డంగా పాత గాటు. కాగితాలు కోసే కత్తి చేసిన గాటు. చార పక్కన చార. బ్యాటరీ మార్చిన రోజున మిషన్ దగ్గర రంగు సరిచూస్తూ మధ్యలో పరిగెత్తుకొచ్చింది, చేతులు కూడా తుడుచుకోలేదు. అంతే.

బ్యాటరీని అన్న ముందుకి జరిపింది.

"ఎవరు తెచ్చారిది?" అంది.

"నాకేం తెలుసు, ఎవడో అమ్మాడు..."

"అన్నయ్యా!"

ఆ పిలుపుకి అన్న కళ్లు దించేశాడు.

"ఎవడో కాదు. మూడు రకాల స్క్రూలు విప్పితే గానీ రాదు ఆ బోర్డు. అందులో ఒకటి నువ్వే అరగదీశావు, నీ చేతికి తప్ప తిరగదు. చెప్పు. ఎవరు ఊడదీశారు?"

"యజమానే పక్కన నిలబడి తీయమన్నాడు." మాటలు బయటపడ్డాక ఇక ఆగలేదు. "తీశాను. అయితే ఏంటి? వాళ్ల వస్తువు వాళ్లు తీయమన్నారు, తీశాను! నీ దగ్గరే ఉంచు, ఎవరికీ చెప్పకు అన్నారు, ఉంచాను! ఇందులో దొంగతనం ఎక్కడుంది?"

"లేదు."

"ఆ?"

"దొంగతనం లేదు. అదే కదా నేను చెప్పేది! రేపు విచారణలో ఈ మాటే చెప్పు. ఇప్పుడు నా మీద అరిచినట్టే అక్కడా అరిచి చెప్పు. వాళ్ల వస్తువు వాళ్లే తీయించారని. తాళం ఊడిపోతుంది."

అన్న చేతి వెనకతో నుదురు తుడుచుకున్నాడు. "ఈ గది ఎవరిదో తెలుసా నీకు? ఈ కొట్టు గది? వాళ్లది. ఒక్క మాటంటే ఈ మేకులు, ఈ తీగలు, నేను, అందరం వీధిలో ఉంటాం. నీకేం, నువ్వు వీధికి అలవాటు పడ్డావ్. నాకు అలవాటు లేదు!"

"అమ్మ నా సంచీ వెతికింది" అంది పేజీలక్క.

చాలా మెల్లగా అంది. అంతసేపు అరిచిన దానికంటే ఆ మాటకే ఎక్కువ జడిశాడు అన్న.

"మన ఇంట్లో, నువ్వు కుర్చీలో కూర్చుని ఉండగా, అమ్మ నా సంచీ బోర్లించి వెతికింది. దువ్వెన, టిఫిన్ డబ్బా, చేతిగుడ్డ... ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. నిజం చెప్పవే, తీశావా, తీస్తే ఇచ్చేద్దాం అంది. నువ్వు టీవీ చూస్తున్నావ్. సౌండ్ పెంచావు కూడా. అప్పటికి ఈ బోర్డు ఈ తెర వెనక ఉంది."

"నేనేం చేయను మరి!"

"ఏమీ చేయలేదుగా. అదే చేశావు."

బాబాయి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. "అమ్మాయ్, బోర్డు తీసుకుని వెళ్లిపోదాం పద. రేపు అక్కడే పెడదాం."

"ఆ, తీసుకుపోండి!" అన్న ఒక్కసారిగా అందుకున్నాడు. బోర్డు గబగబా డబ్బాలో తోసి ఆమె సంచీ వైపు జరిపాడు. "తీసుకుపో. నీ ఇష్టం, ఎక్కడైనా పెట్టుకో. ముందు ఇక్కణ్ణుంచి పో."

పేజీలక్క డబ్బా వైపు చూసింది. అన్న వైపు చూసింది. అన్న కళ్లు మళ్లీ వీధి మీదున్నాయి. కొట్టుకొచ్చినప్పటి నుంచీ అక్కడే ఉన్నాయి. డబ్బొద్దు. త్వరగా బయల్దేరు. వెనకగదిలో అణిచిన గొంతు: వచ్చింది, ఉంది, సరే.

అప్పుడు అర్థమైంది. ఆమెకి బోర్డు ఇవ్వడం లేదు. బోర్డుని ఆమె సంచీలో దాస్తున్నారు.

"ఎవరికి ఫోన్ చేశావు?"

జవాబు కోసం ఆగక్కర్లేకపోయింది. బయట కారు ఆగింది. తలుపు వేసిన చప్పుడు. అచ్చాఫీసు మేనేజరు ఇస్త్రీ నలగని చొక్కాతో మెట్లెక్కుతున్నాడు. వెనకే పోలీసాయన.

పేజీలక్క డబ్బాలోంచి బోర్డు బయటికి లాగి మళ్లీ బల్ల మీద, వెలుతురులో పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుంది. పారిపోదామన్నా దారి లేదు, పారిపోయే ఉద్దేశమూ లేదు.

మేనేజరు గుమ్మంలోంచే వేలు చూపించాడు. "అదే సార్! మా ఆఫీసు బోర్డు. ఈవిడ ఎత్తుకెళ్లి ఇక్కడ అమ్ముతోంది. చెప్పానా మీకు!"

"గుమ్మంలోంచే గుర్తుపట్టారే!" అంది పేజీలక్క. "మూల నిండా బోర్డులే ఉన్నాయి. ఇదే మీదని ఎవరు చెప్పారు?"

మేనేజరు తడబడ్డాడు. ఒక్క క్షణమే. లోపలికొచ్చి బల్ల మీదికి వంగాడు. బిళ్ల బ్యాటరీ కనబడింది. దాన్ని చూడగానే మొహం వికసించింది. "సార్, ఇటు రండి! వేలిముద్ర! ఆవిడ వేలు చూడండి, ఆ గాటు చూడండి! దొంగ సంతకం పెట్టి మరీ పోయింది!"

పోలీసాయన ముద్ర చూశాడు, ఆమె వేలు చూశాడు. చార పక్కన చార. ఇందాక ఆమెని నిర్దోషిని చేసిన ఆ ముద్రే ఇప్పుడు ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఏమ్మా, ఏమంటావు?"

"నా ముద్రే. ఆ కుర్చీలో కూర్చుని పనిచేసినప్పుడు పడింది. ఎవరు ఊడదీశారో ఈ కొట్టాయన్ని అడగండి."

"ఈయన నీకేమవుతాడు?"

"అది కూడా ఆయన్నే అడగండి."

అన్న చెమటతో తడిసిపోయాడు. మేనేజరు అన్న వైపు తిరిగి, చాలా మర్యాదగా, చాలా నెమ్మదిగా అన్నాడు: "చెప్పవయ్యా. ఆవిడే తెచ్చిందని చెప్పు. నీ కొట్టు, నీ గది, నీ ఇష్టం."

అన్న నోరు విప్పేలోగా ప్రూఫు బాబాయి కళ్లద్దాలు సరిచేసుకున్నాడు. ఎవరూ అడక్కుండానే గోడ మీది ఎర్ర అక్షరాలని, ఎదురుగా అసలు ప్రతి పట్టుకుని వింటున్న మనిషికి వినిపించినట్టు, ఒక్కో మాటా విడదీసి పైకి చదివాడు.

"సాకెట్ మూత, ఎవరు తీస్తే, సరుకు వాళ్లదే, ఫుల్‌స్టాప్. వాపసు లేదు, ఫుల్‌స్టాప్."

"ఏంటిది?" అన్నాడు పోలీసాయన.

"ఈ వీధి చట్టం సార్" అంది పేజీలక్క. "ఎవరూ మీరరు. ఈ కొట్టాయన అసలే మీరడు. రాయించిందే ఆయన. మూత తీసినవాడే సరుకుకి జవాబు చెప్పుకోవాలి."

పోలీసాయన గోడని చూశాడు. బోర్డుని చూశాడు. సాకెట్ తెరిచి ఉంది, పిన్నులు వెలుతురులో మెరుస్తున్నాయి. బల్ల మీద మూత లేదు. పేజీలక్క చేతులు విప్పి రెండు అరచేతులూ చూపించింది. ఖాళీ. బాబాయి చూపించాడు. పెన్సిలొక్కటే.

పోలీసాయన చూపు మెల్లగా వెళ్లి అన్న కుడి గుప్పిట మీద ఆగింది. ఇందాక కోపంలో మూత ఎగరగొట్టినప్పుడు బిగించిన గుప్పిట. ఇప్పటిదాకా విప్పడం మరిచిపోయాడు. వేళ్ల సందులోంచి నల్లటి ప్లాస్టిక్ అంచు బయటికి కనబడుతోంది.

"మూత ఎవరు తీశారు?"

మేనేజరు దగ్గాడు. అది దగ్గు కాదు, ఆజ్ఞ.

అన్న మేనేజర్ని చూశాడు. మేకులకి వేలాడుతున్న తీగల్ని చూశాడు, ఒక్కొక్కటే, లెక్కపెట్టుకుంటున్నట్టు. ఆఖర్న, ఇవాళ మొదటిసారి, చెల్లెలి మొహంలోకి సూటిగా చూశాడు. ఆమె బతిమాలలేదు. ఆమె సంచీ మాత్రం తెరిచి పట్టుకుంది, అమ్మ వెతికిన ఆ సంచీనే.

అన్న గుప్పిట విప్పాడు. మూత గాజు బల్ల మీద పడి టిక్కుమంది.

"సార్" అన్నాడు, "ఈ మూత తీసింది..."

(మిగతాది వచ్చే వారం)